పేరు చెప్పని వేరు

బాబ్జీకి నడుము చుట్టూ తామర పట్టి నాలుగు నెలలైంది. బెల్టు ఎక్కడ బిగుస్తుందో సరిగ్గా అక్కడే, వడ్డాణం పెట్టినట్టు చుట్టూ తిరిగింది. సింగపూర్ తంజోంగ్ పగార్‌లో ఇరవై రెండో అంతస్తు ఆఫీసులో, ఏసీ చలిలో కూర్చున్నంతసేపూ అది నిద్రపోయేది. మధ్యాహ్నం భోజనానికి కిందికి దిగి ఆ ఉక్కలో పది నిమిషాలు నడిచేసరికి నిద్రలేచేది. మీటింగుల్లో గోక్కోకూడదు గనక బాబ్జీ లేచి నిలబడి, ఏదో ఆలోచిస్తున్నవాడిలా తలుపు చట్రానికి ఆనుకుని అటూ ఇటూ చిన్నగా ఊగేవాడు. చూసినవాళ్ళు కుర్రాడు సమస్య లోతుల్లోకి వెళ్ళిపోయాడనుకునేవారు. ఆ ఏడాది అతనికి మంచి రేటింగు రావడానికి అదీ ఒక కారణమేనని భార్య కల్పన అనుమానం.

అది రెండువేల ఆరో సంవత్సరం. కీబోర్డు మీద రెండు చేతులూ పెట్టగలిగిన ప్రతివాణ్ణీ కంపెనీలు విమానం ఎక్కిస్తున్న రోజులు. బాబ్జీది తుని. కల్పనా అతనూ విశాఖపట్నంలో ఒకే కాలేజీలో చదివి, పెళ్ళి చేసుకుని, సింగపూర్ వచ్చి సెంగ్‌కాంగ్‌లో పదకొండో అంతస్తులో ఫ్లాట్ అద్దెకు తీసుకున్నారు. కల్పనకిప్పుడు ఏడో నెల. పురిటికి సాయంగా వాళ్ళమ్మ బాలనాగమ్మ ఊరి నుంచి దిగింది.

ఊరంటే చింతలపుట్టు. పాడేరు దాటి బస్సు దిగాక రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటి నడిస్తే వస్తుంది. వాళ్ళు కొండదొరలు. బాలనాగమ్మ చుట్టుపక్కల ఏడెనిమిది గూడేలకు మందు చేసే మనిషి. ఆమెకు ముందు ఆమె అమ్మమ్మ చేసేది. బడి మొహం చూడలేదు గానీ, అడవిలో ఏ ఆకు ఏ నెలలో ముదురుతుందో, ఏ వేరు ఏ వేళప్పుడు తవ్వాలో ఆమె వేళ్ళకు తెలుసు. మనిషి పొట్టి. ముక్కుకి రెండువైపులా నత్తులు, భుజం మీదికి ముడేసి కట్టిన చీర. విమానం దిగి వచ్చిన మొదటి మూడు రోజులూ కిటికీ దగ్గర నిలబడి ఎదురు బ్లాకుల్ని చూస్తూ, ఇన్ని ఇళ్ళలో మనుషులున్నారు గానీ ఒక్కరూ దగ్గినట్టు వినపడదేమిటని ఆశ్చర్యపోయింది. నాలుగో రోజు లిఫ్టులో తనంతట తనే కిందికి దిగింది. గంట తర్వాత కొంగునిండా ఆకులతో పైకొచ్చి, మనుషులు కొత్త గానీ ఇక్కడి గడ్డి మనదేనని కూతురికి చెప్పింది.

ఆ మాట నిజమే. కారు పార్కింగు వెనకాల, మురుగు కాలవ గట్టు పొడుగునా, మనం కలుపు అనుకునేదంతా ఉంది. నేల ఉసిరి, అత్తిపత్తి, గడ్డిచామంతి, ఇంకా బాబ్జీకి కలుపుగా తప్ప తెలియని మొక్కలెన్నో. గురువారం గురువారం గడ్డి కోసేవాళ్ళు మోటారు యంత్రాలు భుజాన వేసుకొచ్చి అన్నిటినీ నున్నగా గొరిగేస్తారు. వారం తిరిగేసరికి అవి మళ్ళీ తలెత్తుతాయి. అంత మొండి మందు కొండ మీద కూడా చూడలేదని ఆవిడ మెచ్చుకుంది.

బాబ్జీకి మాత్రం గుండె జారింది. ఈ దేశంలో ఎంగిలి ఉమ్మితే జరిమానా, రైల్లో నీళ్ళు తాగితే జరిమానా. కలుపు పీకితే ఏం వేస్తారో ఆఫీసులో ఇద్దరిని అడిగాడు. ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు. ఆ సాయంత్రం అత్తగారికి ఎంతో మర్యాదగా, ఇక్కడ చెట్టు ముట్టుకుంటే పోలీసులొస్తారని వివరించాడు. ఆవిడ శ్రద్ధగా విని, అడక్కుండా కోస్తే తప్పే మరి, తను మొక్కని అడిగే కోస్తున్నానంది. బాబ్జీ వెనక్కి జరిగి అలవాటుగా వంటింటి గుమ్మానికి ఆనుకుని ఊగడం మొదలెట్టాడు.

బాలనాగమ్మ తల పక్కకి వంచి చూసింది. "అల్లుడు బావూ, గుమ్మానికి ఎద్దు రాసుకున్నట్టు రాసుకుంటన్నారు. ఏటి కత?"

విషయం బయటపడింది. మందు చేస్తానని ఆవిడ, అక్కర్లేదు, డాక్టరు ఇచ్చిన ట్యూబు రాస్తున్నానని బాబ్జీ. అసలు కారణం వేరే ఉంది. ఆకు పసరు పూసుకుని ఆఫీసుకి వెళ్తే పక్కసీటువాళ్ళకి వాసన తెలుస్తుందని అతని భయం. ఆవిడ బలవంతపెట్టలేదు. అడిగినప్పుడే మందు ఇవ్వాలట. రోగి అడగాలి, మొక్క ఒప్పుకోవాలి. రెండూ కుదిరేదాకా ఆగుతానంది.

ఈలోగా ఆవిడకు వేరే గొడవ వచ్చిపడింది. కాలవ గట్టు మీద ఎవరో తనకంటే ముందొచ్చి కోసుకుపోతున్నారు. పీకడం కాదు, కత్తితో శుభ్రంగా, కణుపు పైన. చేతి పనితనం చూస్తే తెలిసిన మనిషేనని, అందుకే ఎక్కువ కోపంగా ఉందని చెప్పింది. ఆ ఆదివారమే బాబ్జీ ఆవిణ్ణి చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ ఖాళీ బల్లల మీద కాగితపు రుమాళ్ళ పొట్లాలు పెట్టి ఉండడం చూసి అదేమిటని అడిగింది. దాన్ని చోప్ చెయ్యడం అంటారని, పొట్లం పెట్టి వెళ్తే ఆ చోటు వాళ్ళదేనని, ఎవరూ ముట్టుకోరని బాబ్జీ గర్వంగా చెప్పాడు. బాలనాగమ్మకి ఈ దేశపు చట్టాలన్నిటిలోకీ ఇదొక్కటే నచ్చింది.

మర్నాడు ఆఫీసుకు బయల్దేరి పార్కింగు పక్కగా నడుస్తున్న బాబ్జీ, గట్టు మీద తెల్లటి పొట్లాలు వరసగా మెరుస్తుండడం చూసి ఆగాడు. లెక్కపెడితే పన్నెండు. తన అలమారలోని డజనూ. ఒక్కో మొక్క మొదట్లో ఒక్కటి, ఎగిరిపోకుండా మీద చిన్న రాయి పెట్టి ఉంది. బాబ్జీ ఆ చోటుతో తనకేమీ సంబంధం లేనట్టు ఆకాశం వైపు చూస్తూ స్టేషనుకి నడిచాడు.

సాయంత్రానికి పన్నెండు పొట్లాలూ ఒకదానిమీద ఒకటి పేర్చి బెంచీ మీద ఉన్నాయి. వాటి బదులు గట్టు మీద గులాబీ పూల బొమ్మలున్న వేరే పొట్లాలు వెలిశాయి. మర్నాడు బాలనాగమ్మ పూల పొట్లాల్ని బెంచీ మీదికి చేర్చి తనవి పెట్టుకుంది. ఆ మర్నాడు మళ్ళీ పూలు. పది రోజులు సాగిన ఆ యుద్ధంలో ఇద్దరు సైనికులూ ఒకర్నొకరు చూసుకోలేదు. ఆవిడ తెల్లవారగానే వెళ్ళేది, శత్రువు ఎండ వాలాక వచ్చేది. ఎదుటి మనిషి పొట్లాలు తీసింది గానీ పట్టుకుపోలేదని, ఆ మాత్రం నీతి ఉందని మాత్రం బాలనాగమ్మ ఒప్పుకునేది.

ఇదంతా చూస్తున్న కల్పనకు నవ్వు రాలేదు. ఆమె బెంగ ఆమెది.

తల్లి రాకముందు, ఉగాది కలయికలో తారాదేవిగారు, మీ అమ్మగారేం చేస్తుంటారమ్మా అని అడిగింది. తారాదేవి అంటే బాబ్జీ, కల్పనల ప్రాజెక్టు డైరెక్టరు కృష్ణప్రసాద్‌గారి భార్య. తెలుగు ఆడవాళ్ళ బృందానికి కార్యదర్శి. ఇంజనీరింగు చదివిన నాలుగేళ్ళూ ఏజెన్సీ పిల్ల, కోటా సీటు అన్న మాటలు వెనకనుంచి వింటూ పెరిగిన కల్పన, ఆ ప్రశ్న వినగానే ఒక్క క్షణం తడబడింది. తమది విశాఖపట్నమని, అమ్మ మొక్కల గురించి చెబుతుందని అంది. అంటే బోటనీ లెక్చరరా అని తారాదేవి అడిగితే, అవునంది. చిన్న మాట. ఊరుకుంటే అక్కడితో పోయేది. కానీ బాలనాగమ్మ దిగిందని తెలియగానే తారాదేవి ఫోన్ చేసి, మన బృందంలో ఔషధ మొక్కల మీద లెక్చరరుగారి ప్రసంగం పెట్టించాలని, ముందు పరిచయం చేసుకోడానికి శనివారం భోజనానికి వస్తామని తనంతట తనే పిలుచుకుంది. సోమవారం కంపెనీ ఒక బ్యాంకుకి తయారుచేసిన కొత్త సిస్టమ్ గో-లైవ్, అంటే నిజంగా పని మొదలుపెట్టే రోజు. ఆ వారంలో కృష్ణప్రసాద్‌గారి మాట కాదనే ధైర్యం మొగుడూ పెళ్ళాల్లో ఎవరికీ లేదు. అమ్మకు ఏం చెప్పాలో తెలియక కల్పన ఏమీ చెప్పలేదు.

శుక్రవారం నాడు పెద్ద సమీక్ష జరిగింది. మూడు గంటలు. గదికి తలుపు చట్రం అల్యూమినియంది, నున్నగా ఉంది. ఎంత ఊగినా లాభం లేకపోయింది. ఇంటికొచ్చిన బాబ్జీ బూట్లు కూడా విప్పకుండా అత్తగారి ముందు నిలబడి, మందు ఇవ్వండన్నాడు.

శనివారం తెల్లవారుతూనే ఆవిడ కాలవ గట్టు నుంచి ఒక రకం మొక్కల్ని వేళ్ళతో సహా బేసిన్ నిండా తెచ్చింది. ఆకు నూరి, నిమ్మకాయ పిండి, నడుము చుట్టూ పట్టు వేసింది. చల్లగా, హాయిగా ఉంది. తర్వాత పచ్చి వేరు ఒక ముక్క కోసి, గుడ్డలో మూటగట్టి, నల్లతాడుతో అతని మొలకు కట్టింది. ఇంజనీరయ్యాక బాబ్జీ మొలతాడు కట్టుకోవడం ఇదే మొదలు. ఇదేం మొక్క అని అడిగాడు. ఆవిడ చెయ్యి అడ్డంపెట్టింది.

"అడక్కూడదు బావూ. మూడు దినాలు ఇప్పకూడదు, కట్టినట్టు ఎవులికీ సెప్పకూడదు. సెప్పినారంటే పస దిగిపోతాది. అది నా మాట కాదు, మా అమ్మమ్మ మాట."

దాని తెలుగు పేరు బాబ్జీకి ఈ రోజుకీ తెలియదు. అందుకే ఈ కథలో కూడా లేదు.

పదకొండు గంటలకు తారాదేవి టాక్సీలో, రెండు పూలకుండీలతో సహా వచ్చేసింది. కృష్ణప్రసాద్‌గారు శనివారం కూడా ఆఫీసుకెళ్ళి అటునుంచి రైల్లో వస్తానన్నారు. ఆయన్ని తీసుకురావడానికి బాబ్జీ స్టేషనుకి వెళ్ళాడు. దారిలో ఒక పిల్లి వెంటపడింది. సింగపూర్ వీధి పిల్లులన్నిటికీ ఉన్నట్టే దానికీ మొండి తోక. బాబ్జీ పట్టించుకోలేదు. స్టేషను మెట్ల కింద నిలబడి ఉంటే అది వచ్చి కాళ్ళకు రాసుకుంటూ, కళ్ళు మూసుకుని, చొంగ కారుస్తూ బూటు మీద పొర్లింది. అప్పటికి ఇంకో రెండు వచ్చాయి.

కృష్ణప్రసాద్‌గారు మెట్లు దిగి రెండడుగులు వేశారో లేదో, మూడింటిలో నల్లది ఆయన కాళ్ళ ముందు నుంచి బాబ్జీ మీదికి ఉరికింది. ఆయన టక్కున ఆగిపోయారు. ఆయన అమెరికాలో చదివారు, నూట నలభై మంది ఇంజనీర్లను నడుపుతారు, గో-లైవ్‌కి మూడు రకాల బ్యాకప్పులు పెట్టిస్తారు. పిల్లి ఎదురొస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగి, వెనక్కి మూడడుగులు వేసి బయల్దేరతారు.

ఆయన ఆగారు, వెనక్కి వేశారు, బయల్దేరారు. బూడిదరంగుది అడ్డమొచ్చింది. మళ్ళీ ఆగారు. కాఫీ షాపు దగ్గరికొచ్చేసరికి అక్కడ చేపముళ్ళకోసం కాసుకుని ఉండే నాలుగు పిల్లులు ముళ్ళు వదిలేసి వచ్చి కలిశాయి. ఆటస్థలం దగ్గర ఇంకో మూడు. ఒకటి బాబ్జీ ప్యాంటు పట్టుకుని మోకాలిదాకా ఎక్కి అక్కణ్ణుంచి దిగనంది. మిగతావి అతని చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాయి. చుట్టూ తిరిగేవి గనక తప్పనిసరిగా ప్రతి చుట్టులోనూ డైరెక్టరుగారికి ఒకసారి ఎదురొస్తున్నాయి. అయిదు నిమిషాల దారి. ఇరవై నిమిషాలయినా వాళ్ళు ఇంకా సగం దారి దాటలేదు.

నీకు పిల్లులంటే ఇష్టమా అని కృష్ణప్రసాద్‌గారు నీరసంగా అడిగారు. వేరు సంగతి చెప్పడానికి లేదు. బాబ్జీ ఇష్టమేనన్నాడు. ఇన్ని పెంచుతున్నావా అన్నారు. అన్నీ కాదన్నాడు. అపశకునం అపశకునం కలిస్తే శుభం కావచ్చునేమోనని, సరిసంఖ్యలో ఎదురైతే చెల్లుకి చెల్లేమోనని ఆయన కాసేపు లెక్క వేశారు. లెక్క పూర్తయ్యేలోపు ఇంకొకటి అడ్డమొచ్చి బేసి చేసింది. చివరికి బాబ్జీకే ఉపాయం తట్టింది.

"సార్, పిల్లి ఎదురొస్తేనే కదా చెడ్డది. వెంటొస్తే శాస్త్రంలో ఏమీ చెప్పలేదు. మీరు ముందు నడవండి, నేను వీటితో వెనకాల వస్తాను."

కృష్ణప్రసాద్‌గారు ఆలోచించి, పాయింటేనన్నారు. అలా ముందు డైరెక్టరుగారు వడివడిగా, ఇరవై గజాల వెనక బాబ్జీ, అతని చుట్టూ పదకొండు పిల్లులు, బ్లాకు కింద గోడల్లేని చావడిలాంటి వాయిడ్ డెక్‌లోకి ఊరేగింపుగా ప్రవేశించారు.

లిఫ్టు దగ్గర కూరల బుట్టతో ఒక మలయ్ పెద్దావిడ నిలబడి ఉంది. నాలుగో అంతస్తు రొకయా ఆంటీ అని బాబ్జీకి మొహం పరిచయమే. ఆవిడ పిల్లుల్ని చూసింది, బాబ్జీని చూసింది, అతని నడుము వైపు చూసింది. గోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"కూచింగ్ గాలక్," అంది నవ్వు మధ్యలో, తర్వాత మాట చివర 'లా' తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో చెప్పింది. "నీ ప్యాంట్లో వేరు పెట్టుకున్నావ్ లా. పిల్లికి పిచ్చి."

బాబ్జీ అవునని అనలేదు, కాదని అనలేదు. మూడు రోజులు ఎవరికీ చెప్పకూడదు మరి. లిఫ్టులోకి మోకాలికి వేలాడుతున్నది కాక ఇంకో నాలుగు పిల్లులు దూరాయి. తమాషా చూడాలని రొకయా ఆంటీ కూడా దూరింది. కృష్ణప్రసాద్‌గారు మాత్రం పదకొండు అంతస్తులూ మెట్లెక్కి వస్తానన్నారు.

పైన ఇంట్లో ఆ గంటా ఎలా గడిచిందో కల్పన తర్వాత చెప్పింది. తారాదేవి సోఫాలో కూర్చుని నోటు పుస్తకం తెరిచి, మీరు ఏ కాలేజీలో చెప్పేవారండీ అని మొదలుపెట్టింది. కాలేజీ కాదు, కొండ మీద అంది బాలనాగమ్మ. అడవివరం దగ్గర, సింహాచలం కొండ పక్కన కాలేజీ అనుకుని తారాదేవి రాసుకుంది. ఎంతమంది విద్యార్థులుండేవారంటే, ఎవరూ నిలబడలేదు, ఉన్న ఒక్క పిల్లా కంప్యూటర్ల వెంట పోయిందంది. కల్పన వంటింట్లో అప్పడాలు మాడుస్తూ అన్నీ వింటోంది.

అంతలో తలుపు తెరుచుకుని బాబ్జీ వచ్చాడు. అతని కాళ్ళ మధ్య నుంచి నాలుగు పిల్లులూ దూసుకొచ్చి, గాలి వాసన పట్టి, వంటింటి వెనకాల బేసిన్ ఉన్నచోటికి ఒక్క ఉరుకున వెళ్ళాయి. బేసిన్ బోర్లపడింది. వేళ్ళ మీద పిల్లులు, పిల్లుల మీద పిల్లులు. ఒకటి వెల్లకిలా పడుకుని నాలుగు కాళ్ళతో వేరుని కౌగిలించుకుని గుర్రుపెట్టసాగింది. తారాదేవి కాళ్ళు సోఫా మీదికి ఎత్తేసింది.

అందరిలోకీ నిబ్బరంగా ఉన్నది బాలనాగమ్మే. ఆవిడ వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పిల్లుల్ని ఒక్కొక్కటిగా శ్రద్ధగా చూసింది. ఈ సంగతి అమ్మమ్మ కూడా చెప్పలేదే అనుకుంది పైకే. చింతలపుట్టులో పిల్లుల్ని చిరుతలు మిగల్చవు. ఉంటే తెలిసుండేది.

రొకయా ఆంటీ నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళు తుడుచుకోడానికి బుట్టలోంచి కాగితపు రుమాళ్ళ పొట్లం తీసింది. గులాబీ పూల బొమ్మల పొట్లం. బాలనాగమ్మ చూపు దాని మీద పడింది. మెల్లగా నిటారుగా నిలబడింది. అలమార తెరిచి తన తెల్ల పొట్లం తీసి చేత్తో పట్టుకుని చూపించింది. రొకయా ఆంటీ నవ్వు ఆగిపోయింది. ఇద్దరూ పొట్లాలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డారు. ఇప్పుడేమవుతుందోనని బాబ్జీ మధ్యలోకి వెళ్ళబోయి, మోకాలికి పిల్లి వేలాడుతూ ఉండడం వల్ల వెళ్ళలేకపోయాడు.

ముందు రొకయా ఆంటీ కదిలింది. కింద పడ్డ మొక్కనొకటి తీసి, ఆకు నలిపి వాసన చూసి, తన మోచెయ్యి మీద పూసుకుంటున్నట్టు అభినయించింది. బాలనాగమ్మ తల ఊపి, నిమ్మకాయ చెక్క చూపించింది. రొకయా ఆంటీ తల అడ్డంగా ఊపి, ఉప్పు డబ్బా వైపు వేలు పెట్టింది. బాలనాగమ్మ కాసేపు ఆలోచించి, అలా కూడా కావచ్చన్నట్టు పెదవి విరిచింది. ఆ తర్వాత ఇద్దరూ నేల మీద చతికిలబడి పిల్లుల్ని తోలుకుంటూ వేళ్ళు ఏరడంలో పడ్డారు. రొకయా ఆంటీ మాటిమాటికీ కూచింగ్ గాలక్ అంటుంటే, పేరు పైకి అంటోందని బాబ్జీ కంగారుపడ్డాడు. అది వాళ్ళ బాసలో పేరు, మన మందుకేమీ కాదని అత్తగారు తేల్చేసింది.

తారాదేవి సోఫా మీదనుంచే నోటు పుస్తకం మళ్ళీ తెరిచి అడిగింది. "లెక్చరరుగారూ, దీని బొటానికల్ నేమ్ ఏమిటండీ?"

లెక్చరరుగారెవరా అని బాలనాగమ్మ చుట్టూ చూసింది. కల్పన వంటింట్లోంచి బయటికొచ్చింది. చేతిలో మాడిన అప్పడం ఉంది. అది ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకునే నిలబడింది.

"మా అమ్మ లెక్చరరు కాదాంటీ," అంది. "బడికే వెళ్ళలేదు. మాది వైజాగ్ కాదు, పాడేరు అవతల చింతలపుట్టు. మేం కొండదొరలం. మా అమ్మ మందు చేస్తుంది. నేనే మీకు అబద్ధం చెప్పాను."

మెట్లెక్కి అప్పుడే గుమ్మంలోకొచ్చిన కృష్ణప్రసాద్‌గారు ఆయాసాన్ని కూడా ఆపుకున్నారు. ఆ అబద్ధంలో బాబ్జీకీ సగం వాటా ఉంది. తునిలో తనవాళ్ళకి కూడా అతను విశాఖపట్నం సంబంధమనే చెప్పాడు.

బాలనాగమ్మ కూతురి వైపు చూసింది. కోపంగా కాదు. మొక్క ఆకు తిప్పి వెనకవైపు చూసినట్టు చూసింది.

"మందు పేరు దాస్తే పస నిలబడతాది," అంది. "అమ్మ పేరు దాస్తే ఏటి నిలబడతాదే గుంటా?"

కల్పన ఏడ్చింది. ఏడుస్తూనే అప్పడం తినేసింది. కడుపుతో ఉన్నప్పుడు ఆకలి ఆగదు. బాలనాగమ్మ లేచి కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి, అందరికీ అన్నం వడ్డించమని అల్లుడికి చెప్పింది. రొకయా ఆంటీ హలాల్ కాదేమోనని కోడి కూర వదిలేసి పప్పుతో తిన్నది. పిల్లులు కోడి కూర తిన్నాయి.

తారాదేవిది చెడ్డ మనసు కాదు. పైగా ఆవిడకున్న చిక్కు వేరు. ప్రసంగం ఆహ్వానాలు నిన్ననే అందరికీ మెయిల్లో వెళ్ళిపోయాయి. వెనక్కి తీసుకునే వీల్లేదు. ఇంకో మెయిల్లో బోటనీ లెక్చరరు అన్న మాట తీసేసి కొండదొరల వైద్యురాలు అని వేస్తానంది. ఆ మాట వేసేముందు కల్పనని అడిగింది. కల్పన వెయ్యమంది.

ప్రసంగం రెండు వారాల తర్వాత ఆదివారం, తారాదేవివాళ్ళుండే కాండో అపార్టుమెంట్ల ఫంక్షన్ హాల్లో. నలభై మంది వచ్చారు, అందరి చేతుల్లోనూ పెన్నులు. బాబ్జీ ప్రొజెక్టరు పెట్టాడు. బాలనాగమ్మ నిలబడి గంటసేపు మాట్లాడింది. ఒక్క మొక్క పేరు చెప్పలేదు. ఒక ఆకుంది, కాలవ గట్టున ఉంటాది, దగ్గుకి మంచిది అనేది. ఏ ఆకండీ అని ముందు వరస అడిగేది. అదే నాను సెప్పకూడనిది అనేది. మోకాలి నొప్పికి ఒక బెరడుంది. జుట్టుకి ఒక గింజుంది. పెన్నులన్నీ గాల్లోనే ఉండిపోయాయి. కానీ ఎవరూ లేచి వెళ్ళలేదు. మొక్కని ఎలా అడగాలో, మొదట కనపడ్డదాన్ని ఎందుకు కోయకూడదో, ఒంటరిగా ఉన్నదాన్ని ఎందుకు వదిలెయ్యాలో, మందుకి ప్రతిఫలం ఎందుకు తీసుకోకూడదో ఆవిడ చెప్తుంటే హాలు నిశ్శబ్దంగా విన్నది. చివర్లో కుర్ర ఇంజనీరొకతను నిద్ర పట్టడం లేదని, ఏదైనా ఆకు ఉందా అని అడిగాడు. ఎన్నింటికి పడుకుంటావంది. అమెరికా వాళ్ళతో కాల్స్ ఉంటాయి, మూడింటికి అన్నాడు. దానికి ఆకు లేదు బావూ, ఫోను కట్టేయాలంది. అదొక్కటే ఆ రోజు అందరూ రాసుకున్న మందు.

గో-లైవ్ అంతకు ముందే అయిపోయింది. ఒక్క తప్పు లేకుండా జరిగింది. కంపెనీ చరిత్రలో అలా జరగడం అదే మొదలు. కృష్ణప్రసాద్‌గారు బాగా ఆలోచించి, సింగపూర్ పిల్లులకి మన శకునం వర్తించదని, బహుశా తిరగబడుతుందని నిర్ణయానికొచ్చారు. తర్వాతి రిలీజుకి ముందు బాబ్జీని గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఆ రోజు వచ్చినవన్నీ మళ్ళీ వస్తాయా అని అడిగారు.

బాబ్జీ తామర కూడా నెలలో మానిపోయింది. మూడు రోజులూ నోరు మెదపలేదు గనక మానిందని అత్తగారు. రొకయా ఆంటీ ఉప్పు వెయ్యమన్నాక మానిందని నాలుగో అంతస్తు. ట్యూబు రాయడం కూడా మానలేదని బాబ్జీ ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో అతను ఊగడం మానేశాక, ఈ మధ్య పని మీద మునుపటి లోతు కనపడడం లేదని మాత్రం ఒకరిద్దరన్నారు.

ఒక గురువారం పొద్దున్న, గడ్డి కోసేవాళ్ళు రాకముందు, బాబ్జీ టై కట్టుకుంటూ కిటికీలోంచి కిందికి చూశాడు. కాలవ గట్టు మీద అత్తగారు, రొకయా ఆంటీ, వాళ్ళతో కల్పన. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతోంది. లాప్‌టాప్ సంచి బెంచీ మీద ఉంది. అతను గబగబా దిగి వెళ్ళాడు. వెళ్ళేసరికి కల్పన తల్లితో ఏదో అంటోంది. నేర్పమని అడిగిందని బాబ్జీకి అర్థమైంది.

బాలనాగమ్మ కూతురి కాళ్ళ వైపు చూసింది. "ముందు సెప్పులు ఇప్పు," అంది.

ఎనిమిదో నెల పొట్టతో కల్పన వంగలేకపోయింది. బాబ్జీ వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క చెప్పూ విప్పాడు. నీరు పట్టి ఉబ్బిన పాదాలు తడి గడ్డి మీద పెట్టగానే ఆమె చిన్నగా ఊపిరి వదిలింది. బాబ్జీ కూడా బూట్లు విప్పబోయాడు. అత్తగారు అడ్డుకుంది. ఇది ఆడవాళ్ళ వరసలో దిగే విద్య అట. అల్లుడు బావు దూరంగా నిలబడి, గడ్డి కోసేవాళ్ళొస్తే కాసేపు మాటల్లో పెట్టాలట.

బాబ్జీ భార్య చెప్పులు చేత్తో పట్టుకుని పార్కింగు మొదట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. మోటారు యంత్రాలు భుజాన వేసుకుని ఇద్దరు మనుషులు అప్పుడే మలుపు తిరుగుతున్నారు. వాళ్ళతో ఏం మాట్లాడాలో తెలియక, గుడ్ మార్నింగ్ చెప్పి, ఈ రోజు వాన వస్తుందంటారా అని అడిగాడు.